నెయ్యి ఉండిపోయింది, అన్నం తిరిగొచ్చింది!

మన ఆడవాళ్ళకి ఒక అలవాటుంది, గమనించారా? వడ్డించేటప్పుడు నెయ్యి గిన్నె చేతిలోకి తీసుకున్నామంటే చాలు, ఎదుటివాళ్ళు “చాలు చాలు” అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టినా, ఆ వేళ్ళ సందుల్లోంచి ఇంకో చెంచా పోసేదాకా మనకి తృప్తి ఉండదు. నెయ్యి తక్కువైతే ప్రేమ తక్కువైనట్టే! నేనూ అంతేనండీ. పెళ్ళయి ఈ బెల్లంకొండ వచ్చిన దగ్గర్నుంచీ పాతికేళ్ళుగా మా ఇంట్లో నెయ్యి గిన్నె నా చేతిలోనే ఉంది. అందుకే, దానివల్ల మా ఇంట్లో జరిగిన సంగతి కూడా నేనే చెప్పడం న్యాయం.

మావారికి షుగర్ ఉందని 2015లో తెలిసింది. పత్తీ మిరపా వేసే రైతు, రోజంతా చేలో తిరిగే మనిషి. “కష్టపడేవాళ్ళకి షుగర్ ఏమిటి?” అనుకున్నాం. కానీ మా మామగారికీ ఉండేది. కాలి బొటనవేలికి పుండు పడి, మానక, చివరికి వేలు తీసేశారు. ఆ తర్వాత రెండేళ్ళు ఆయన మంచంలో ఉన్నారు. ఆ కట్లు మార్చింది నేనూ, మా అత్తగారూ. అందుకని మావారు చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కుంటూ వేళ్ళ సందులు చూసుకుంటుంటే నా గుండె కలుక్కుమనేది. ఆయన భయం ఆయన పైకి చెప్పరు. నా భయం నేనూ చెప్పను. ఇద్దరం టాబ్లెట్ల డబ్బా వంక చూసి ఊరుకునేవాళ్ళం.

కొబ్బరినూనె వంటింట్లోకి వచ్చిన రోజులు

మీకు గుర్తుండే ఉంటుంది. 2017, 2018 ప్రాంతంలో మన తెలుగు ఊళ్ళల్లో ఎక్కడ చూసినా వీరమాచనేని రామకృష్ణగారి డైట్ గురించే మాటలు. సభలకి జనం తండోపతండాలుగా వెళ్ళేవారు. అన్నం, గోధుమ, పంచదార, పండ్లు మానేయాలి. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోవాలి, అదీ కొబ్బరినూనె, నెయ్యి, వెన్న లాంటివి. మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ బిళ్ళలు. ఇదీ పద్ధతి. టీవీల్లో కొందరు డాక్టర్లు కాదనేవారు, చేసి తగ్గినవాళ్ళు ఔననేవారు. బస్సులో ఇద్దరు కూర్చుంటే ఒకరు దీన్ని గురించి మాట్లాడాల్సిందే!

నరసరావుపేటలో ఉన్న మా పెద్దాడపడుచు ఫోను చేసి, “తమ్ముడి చేత కూడా చేయించు అమ్మాయ్, మా పక్కింటాయనకి పది కిలోలు తగ్గింది” అంది. అలా 2018 వేసవిలో మా ఇంట్లో కూడా మొదలైంది. మా అత్తగారు మాత్రం ముక్కు మీద వేలేసుకున్నారు. “తలకి రాసుకునే నూనె తాగటమేంటే? మీ మామయ్యకి నెయ్యి వద్దన్నారు, వీడికి గ్లాసుల్తో పోస్తున్నారు. ఏ డాక్టరు మాట నమ్మాలి?” అని. ఆవిడ అడిగిన ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

మొదట్లోనే ఒక పొరపాటు చేశాం. అది మా పొరపాటే, ఇంకెవరిదీ కాదు. అన్నం మానేశాం గానీ, షుగర్ టాబ్లెట్లు మాత్రం ఎప్పట్లా వేసుకుంటూనే ఉన్నారు. డాక్టరుగార్ని అడగాలని మాకు తోచలేదు. నాలుగో రోజు చేలో చెమటలు పట్టి, చేతులు వణికి గట్టు మీద కూలబడ్డారు. పక్క చేలో వాళ్ళు ఇంటికి తీసుకొస్తే మీటరు పెట్టి చూశాను, 58! బెల్లం ముక్క నోట్లో పెట్టి, పంచదార నీళ్ళు తాగిస్తే తేరుకున్నారు. తిండిలో అన్నం తగ్గితే రక్తంలోకి వచ్చే చక్కెర తగ్గుతుంది. టాబ్లెట్టు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అందుకే, ఏ డైట్ మొదలెట్టినా ముందు మందుల సంగతి డాక్టరుతో మాట్లాడండి. ఇన్సులిన్ సూదులు వేసుకునేవాళ్ళయితే మరీ ముఖ్యం. ఈ ఒక్క మాట మీ మనసులో పడితే ఈ వ్యాసం రాసిన ఫలితం నాకు దక్కినట్టే.

తర్వాత డాక్టరుగారు మందు తగ్గించారు. మూడు నెలలు గట్టిగా చేశారు మావారు. ఎనిమిది కిలోలు తగ్గారు. పొద్దున్నే పరగడుపున 160 ఉండేది, 105కి వచ్చింది. ఇంట్లో పండగే అనుకోండి!

సంక్రాంతికి మొదలైంది అసలు కథ

పండగ అన్నానుగా, నిజంగానే పండగ వచ్చింది. 2019 సంక్రాంతి. పిల్లలొచ్చారు, ఆడపడుచులొచ్చారు. ఇన్ని నెలలు నోరు కట్టుకున్న మనిషి, ఆ రోజు రెండు అరిసెలు తిని, కాస్త పులిహోర తిన్నారు. అంతే. రెండు గంటల తర్వాత చూస్తే 318! డైట్ మొదలెట్టక ముందు ఇలాంటి పండగ భోజనానికి కూడా 250 దాటేది కాదు. “బాగైందనుకున్న మనిషికి ఇదేమిటి?” అని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ తర్వాత మెల్లగా అన్నం తిరిగొచ్చింది. మొదట ఆదివారాలు, తర్వాత మధ్యాహ్నాలు, ఆ తర్వాత రెండు పూటలా. అది మామూలే కదా, మన అన్నం మనల్ని ఎన్నాళ్ళు వదిలి ఉంటుంది! కానీ వచ్చిన అన్నంతో పాటు వెళ్ళిపోవాల్సింది ఒకటి వెళ్ళలేదు. అదే కొవ్వు. “నెయ్యి మంచిదే అట, ఎంతైనా తినొచ్చట” అన్న మాట మాత్రం ఇంట్లో స్థిరపడిపోయింది. అన్నంలోకి నాలుగు చెంచాల నెయ్యి, వేపుళ్ళకి ధారాళంగా నూనె, సాయంత్రం వెన్న రాసిన రొట్టె. మిగిలిందంతా నా వంతు. వెన్న కాచిన గిన్నె అడుగున మిగిలినదాంట్లో వేడన్నం కలుపుకుని తింటే ఎంత రుచో మీకు చెప్పాలా? వేపుడు మూకుట్లో అన్నం కలుపుకోవడం కూడా నా పనే. పారెయ్యడానికి చెయ్యి రాదు కదా మనకి!

ఏడాది తిరిగేసరికి తగ్గిన ఎనిమిది కిలోలూ వచ్చేశాయి. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏవన్‌సీ అంటారే, అది) డైట్ ముందు 8.4 ఉండేది, ఇప్పుడు 9.1. అప్పుడు కూడా మావారు తిన్న రెండు గంటలకి మీటరు పెట్టుకుంటే 170, 180 మాత్రమే వచ్చేది. “చూశావా, నెయ్యి వేసుకుంటే షుగర్ పెరగదు” అనేవారు. మరి ఈ 9.1 ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

నా వంటింటి పరీక్ష

నేను ఇంటర్లో బైపీసీ చదివాను లెండి, సత్తెనపల్లిలో. తర్వాత చదువు సాగలేదు. కానీ ఒకే వస్తువు మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి చూడాలని మా జువాలజీ మేడం చెప్పిన మాట గుర్తుంది. అందుకని ఒక రోజు గ్లాసుతో కొలిచి వండిన అన్నం, ముద్దపప్పు, తక్కువ నూనెతో బీరకాయ కూర, ఒక్క చెంచా నెయ్యి పెట్టాను. మూడు రోజులాగి, అంతే అన్నం, అంతే పప్పు, నాలుగు చెంచాల నెయ్యి, నూనె ఓడే వంకాయ వేపుడు, అప్పడాలు పెట్టాను. రెండు రోజులూ ఆయన తిన్నాక అదే వాలు కుర్చీలో కూర్చున్నారు.

మొదటి రోజు తినకముందు 128, రెండు గంటలకి 206, నాలుగు గంటలకి 151.

నెయ్యి రోజు తినకముందు 131, రెండు గంటలకి 178, నాలుగు గంటలకి 229!

నమ్మలేక వారం పోయాక మళ్ళీ చేశాను. అంకెలు అటూ ఇటూ అయ్యాయి గానీ తీరు అదే. నెయ్యి రోజున రెండో గంటకి మంచి మార్కులు, నాలుగో గంటకి తప్పిన పరీక్ష. రాత్రి అలాంటి భోజనం తొమ్మిదింటికి పెడితే మర్నాడు పరగడుపున 164. తేలిగ్గా ఏడింటికి పెడితే 127.

ఈ కాగితం పట్టుకుని మా డాక్టరుగారి దగ్గరికెళ్ళాను. ఆయన చూసి నవ్వి, “ఇంత పని మీరు చేశారా?” అని, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. నాకు అర్థమైన మేరకి మన వంటింటి భాషలో చెబుతాను.

లోపల జరిగేది ఇదీ

ముందుగా కడుపు సంగతి. కొవ్వు ఎక్కువున్న భోజనం కడుపులోంచి నెమ్మదిగా కదుల్తుంది. దాంతో పాటు అన్నం కూడా నిదానంగా పేగుల్లోకి దిగుతుంది. అందుకే రెండో గంటకి చక్కెర తక్కువ కనిపిస్తుంది. మా ఊరి మీదుగా వెళ్ళే గుంటూరు రైలు ఆలస్యమైతే, అది రాదని కాదు కదా! ఆ అన్నంలోని చక్కెర మనం మీటరు మూసేశాక వస్తుంది, వచ్చి చాలాసేపు ఉంటుంది.

రెండోది కండరాల సంగతి. మన ఒంటికి రెండు వంటచెరుకులున్నాయి. ఒకటి చక్కెర, రెండోది కొవ్వు. పొయ్యిలో కట్టెలు భగభగా మండుతుంటే పక్కన గ్యాసు వెలిగిస్తామా? రక్తంలో కొవ్వు ఎక్కువగా తిరుగుతుంటే కండరాలు దాన్నే మండించి, చక్కెరని “నువ్వు కాసేపు బయట ఉండు” అంటాయి. ఇంగ్లండులో ఫిలిప్ రాండిల్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు 1963లోనే ఈ సంగతి వివరించారు. తిన్న కొవ్వు రక్తంలో ఎక్కువగా కనిపించేది మూడు నుంచి అయిదు గంటల మధ్య. సరిగ్గా ఆలస్యంగా వచ్చిన అన్నం చక్కెర కూడా అప్పుడే తలుపు తడుతుంది. ఇన్సులిన్ తాళంచెవి లాంటిదని చెబుతారు కదా, చెవి ఉన్నా తాళం బిగుసుకుపోతే తలుపు తెరుచుకోదు. ఈ బిగుసుకుపోవడాన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. తాళం తేలిగ్గా తిరిగితే ఇన్సులిన్‌కి ఒళ్ళు బాగా స్పందిస్తున్నట్టు.

మూడోది కాలేయం. అది మన ఇంటి కొట్టుగది లాంటిది. రాత్రి మనం నిద్రపోతుంటే కొంచెం కొంచెం చక్కెర బయటికి ఇస్తూ ఉంటుంది. ఇన్సులిన్ వచ్చి “ఇక చాలు” అంటే ఆపాలి. కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఆ మాట వినదు. ఇస్తూనే ఉంటుంది. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ ఎక్కువ ఉండటానికి ఇదో పెద్ద కారణం. ఒంటికి కావలసిన దానికన్నా ఎక్కువ తింటే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, పామాయిల్‌లో ఎక్కువగా ఉండే గడ్డకట్టే రకం కొవ్వు అతిగా తింటే ఇంకా తొందరగా పేరుకుంటుంది.

ఇదేదో నిన్నమొన్న కనిపెట్టిన సంగతి కాదట. 1922లో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పధ్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ సూది వేశారు. దానికి ముందు షుగర్ రోగులకి వేరే దారి లేక అన్నం, రొట్టెలాంటివి దాదాపు మాన్పించి, కొవ్వు మీదా పస్తుల మీదా ఉంచేవారు. అంటే ఈ కొవ్వు తిండి మన 2018లో పుట్టింది కాదన్నమాట! 1927లో అమెరికాలో స్వీనీ అనే డాక్టరు ఆరోగ్యంగా ఉన్న వైద్య విద్యార్థులకి రెండు రోజులు ఒక్కో గుంపుకి ఒక్కో రకం తిండి పెట్టి, తర్వాత గ్లూకోజు నీళ్ళు తాగించి చూశారు. పిండిపదార్థాలు తిన్నవాళ్ళ ఒళ్ళు ఆ గ్లూకోజుని బాగా సర్దుకుంది. కొవ్వు తిన్నవాళ్ళకీ, పస్తులున్నవాళ్ళకీ రక్తంలో చక్కెర ఎక్కువగా పెరిగింది. రోగం లేని కుర్రాళ్ళకే రెండు రోజుల్లో అలా అయితే, షుగర్ ఉన్న మావారికి నెలల తరబడి కొవ్వు తిన్నాక రెండు అరిసెలకి 318 రావడంలో వింతేముంది? ఆయన ఒళ్ళు కొవ్వు మండించడానికి అలవాటుపడింది. ఉన్నట్టుండి వచ్చిపడ్డ బెల్లాన్నీ బియ్యప్పిండినీ సర్దుకోలేకపోయింది.

ఇందులోనే మనకి పనికొచ్చే చిన్న సంగతి ఉంది. గ్లూకోజు నీళ్ళు తాగి చేయించుకునే పరీక్ష ఉంటే, దానికి మూడు రోజుల ముందు నుంచీ అన్నం మానేసి కూర్చోకండి. రోజుకి కనీసం 150 గ్రాముల పిండిపదార్థం ఉండేట్టు మామూలుగా తిని వెళ్ళాలి. లేకపోతే లేని షుగర్ ఉన్నట్టు కనిపించవచ్చు.

మరి అప్పుడెలా తగ్గింది?

మా అత్తగారి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. కొవ్వు ఇంత పని చేస్తే, ఆ మూడు నెలలు మావారికి షుగర్ ఎలా తగ్గింది? నేను అడిగాను. డాక్టరుగారు రెండు కారణాలు చెప్పారు. ఒకటి, అన్నమే లేదు కాబట్టి తిన్న తర్వాత పెరగడానికి చక్కెరే లేదు. రెండు, బరువు తగ్గింది. బరువు తగ్గితే కాలేయంలో కొవ్వు కరుగుతుంది, అది మళ్ళీ ఇన్సులిన్ మాట వింటుంది.

తగ్గించింది కొవ్వా, బరువు తగ్గడమా అన్నదానికి బ్రిటన్‌లో చేసిన ఒక పెద్ద పరిశీలన చెప్పారు. 2017లో వెలువడింది, పేరు డైరెక్ట్. షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళకి రోజుకి సుమారు 850 కేలరీలు మాత్రమే ఉండే ద్రవాహారం మూడు నెలలకి పైగా ఇచ్చారు, డాక్టర్ల పర్యవేక్షణలో. ఏడాదికి వాళ్ళలో నూటికి 46 మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. వినండి, ఆ ద్రవాహారంలో కొవ్వు చాలా తక్కువ! నెయ్యీ లేదు, కొబ్బరినూనే లేదు. అయినా తగ్గింది. ఎక్కువ బరువు తగ్గినవాళ్ళకి ఎక్కువగా తగ్గింది.

అంటే అన్నం మానేసి కొవ్వు తిని బరువు తగ్గినవాళ్ళూ ఉన్నారు, కొవ్వు మానేసి బరువు తగ్గినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ కలిసొచ్చింది బరువు తగ్గడం. ఎవరికీ కలిసిరానిది మా ఇంటి పద్ధతి: అన్నమూ నిండుగా, నెయ్యీ నిండుగా! ఎవరో చెప్పిన దాంట్లో మనకి రుచిగా ఉన్న సగం ఉంచుకుని, కష్టమైన సగం వదిలేశాం. ఆ సగం డైట్ ఎవరూ చెప్పలేదు, మేమే కనిపెట్టుకున్నాం. మీ ఇళ్ళల్లో కూడా 2018 నాటి కొబ్బరినూనె సీసా పోయినా, “నెయ్యి ఎంతైనా తినొచ్చు” అనే మాట ఇంకా మిగిలి ఉందేమో ఒకసారి చూసుకోండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు సుమారు 10 కోట్ల మంది. అంటే ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు.

ఇప్పుడు నా వంటింట్లో

నెయ్యి మానేశామా అంటే, లేదు. నెయ్యి లేని ముద్దపప్పు పెట్టి ఆయన మొహం చూడటం నా వల్ల కాదు! కొవ్వు ఒంటికి కావాలి కూడా. ఎంత, ఏది, దేంతో అన్నదే లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేశారు. రోజుకి 2000 కేలరీల తిండి తినేవాళ్ళకి నూనె, నెయ్యి అన్నీ కలిపి సుమారు 27 గ్రాములు చాలంటారు. అంటే దాదాపు ఆరు చిన్న చెంచాలు. ఇంట్లో నలుగురుంటే నెలకి అన్నీ కలిపి మూడున్నర లీటర్లు. నేను నా లెక్క వేసుకుంటే నలుగురికి ఆరు లీటర్ల నూనె, కిలోన్నర నెయ్యి తేలింది. సిగ్గేసింది.

అందుకని నేను చేస్తున్నవి ఇవీ:

ఒకటో తారీఖున నెల నూనె ఒకే డబ్బాలో పోసి పక్కన పెడతాను. అది అయిపోతే మళ్ళీ నెల దాకా లేదు. సీసా వంచి పోయడం మానేసి చెంచాతో కొలుస్తాను. మొదటి నెల ఇరవై రెండో తారీఖుకే అయిపోయింది, మిగిలిన రోజులు పులుసులూ, ఆవిరి కూరలతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు చివరికి మిగుల్తోంది.

వంకాయ వేపుడు చేయాలంటే ముక్కలు ముందు చిటికెడు ఉప్పు వేసి మూతపెట్టి ఆవిరికి మగ్గనిచ్చి, నీరు ఇగిరాక మూడు చెంచాల నూనెతో వేయిస్తాను. దింపే ముందు వేయించిన వేరుశనగపప్పు, ఎండుమిర్చి, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచిన కారం చల్లితే, నూనె తగ్గిందని ఎవరూ కనిపెట్టరు.

వేపుడు ఉన్న రోజు నెయ్యి ఒక్క చెంచానే. నెయ్యి ముద్దపప్పు రోజు వేపుడు, అప్పడం రెండూ లేవు. రెండూ ఒకే పూట రాకుండా చూసుకుంటే చాలా మేలు.

అన్నం తగ్గించాను, కూరా పప్పూ పెంచాను. రాత్రిపూట మా అత్తగారి కాలం నాటి జొన్నరొట్టె, గోంగూర పప్పు. అదీ ఏడున్నరలోపు. జొన్నరొట్టెతో కూడా చక్కెర వస్తుంది, ఎన్ని పడితే అన్ని తినకూడదు. ఆయనకి రెండే.

తిన్న తర్వాత వాలు కుర్చీ లేదు. ఇద్దరం కొండకోట వైపు పావుగంట నడుస్తాం. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ కోసం ఎక్కువగా ఎదురుచూడకుండానే చక్కెరని లోపలికి లాక్కుంటాయట. బిగిసిన తాళం పక్కన ఇంకో తలుపు తెరిచినట్టు! మొదట్లో ఊళ్ళోవాళ్ళు “ఎక్కడికి బయల్దేరారు జంటగా?” అని నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఇంకో మూడు జంటలు వస్తున్నాయి.

వారానికోసారి తిన్న నాలుగు గంటలకి కూడా మీటరు పెట్టి చూస్తాం. రెండో గంట అంకె చూసి మురిసిపోవడం మానేశాం. మావారి మూడు నెలల సగటు మెల్లగా దిగి, రెండేళ్ళకి 7.0కి వచ్చింది. ఒక మందు తగ్గింది, ఒకటి ఉంది. పూర్తిగా పోయిందని నేను చెప్పను. కాళ్ళు కడుక్కునేటప్పుడు వేళ్ళ సందులు ఇంకా చూసుకుంటారు. చూసుకోవాలి కూడా.

చివరగా ఒక మాట

ఇదంతా అయ్యాక కాగితాలు సర్దుకుని లేవబోతుంటే డాక్టరుగారు, “మీరెప్పుడు చేయించుకున్నారమ్మా టెస్టు?” అన్నారు. నేను తెల్లమొహం వేశాను. మా అమ్మాయి పుట్టినప్పుడు చేయించుకున్నదే! మామగారి పుండు కడిగాను, మావారి వేలికి వందసార్లు సూది గుచ్చాను, నా వేలికి ఒక్కసారి గుచ్చుకోలేదు. ఆ రోజే పరీక్ష రాశారు. 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టట.

ఇంట్లో అందరికీ వడ్డించి, చివర్లో మూకుడు తుడుచుకుని, వెన్న గిన్నెలో అన్నం కలుపుకుని తిన్నదెవరు? వేళకి తినకుండా మూడింటికి తిని, తిన్న వెంటనే నడుం వాల్చిందెవరు? నా కొలతలో నా కంచం ఎప్పుడూ లేదండీ. ఇప్పుడు ఆయనతో పాటే కూర్చుని, అదే కొలతతో తింటున్నాను. మూకుట్లో మిగిలిన నూనె కాగితంతో తుడిచేస్తున్నాను. మొదట్లో ప్రాణం ఉసూరుమనేది, ఇప్పుడు అలవాటైంది. నాలుగు కిలోలు తగ్గాను. కిందటిసారి 5.8 వచ్చింది.

మా అత్తగారికి ఈ కథంతా చెప్పి, “అత్తయ్యా, మీరు అప్పుడడిగిన దానికి జవాబు దొరికింది” అన్నాను. ఆవిడ అంతా విని, “ఇంతేనా? అన్నంలో నెయ్యి వేసుకోవాలి గానీ, నెయ్యిలో అన్నం వేసుకోకూడదని మా అత్త చెప్పేది” అన్నారు!

మీరు కూడా ఈ వారంలో ఒక్క పని చేయండి. మావారికి, పిల్లలకి, అత్తగారికి అని కాకుండా, మీ కోసం పొద్దున్నే పరగడుపున వెళ్ళి మీ షుగర్ పరీక్ష చేయించుకోండి. వంటకి ఒక గంట ఆలస్యమైతే ఇంట్లోవాళ్ళు ఉప్మా చేసుకుని తింటారు, ఏమీ కాదు.